చందాలతో ఆడియో నాటకం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఆడియో సీరియల్ తీసి పాడ్‌కాస్ట్‌గా వదలాలనుంది, డబ్బు ఎట్లా అని అడుగుతూ నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ మందికి పనికొచ్చే ప్రశ్నలు తీసుకున్నాం.

మేం అయిదుగురు స్నేహితులం. సముద్రం పక్క పాళెంలో నడిచే కథ రాసుకున్నాం. ఒక్కోటి 20 నిమిషాల చొప్పున ఆరు ఎపిసోడ్లు. లక్ష చాలని ఒకరు, అయిదు లక్షలైనా చాలదని ఇంకొకరు. అసలు ఎంత అడగాలి? ముందు ఎవర్ని అడగాలి?
— పాఠకుడు, కావలి

ముందు లెక్క, తర్వాతే అడగడం. ఆరు ఎపిసోడ్లంటే 120 నిమిషాల శబ్దం. కింద వేసిన రేట్లు లెక్క చూపించడానికి మేం పెట్టినవి. మీ ఊళ్లో, మీ మనుషుల్ని అడిగి మార్చుకోండి.

రచన ఎపిసోడ్‌కి 4,000 చొప్పున 24,000. గొంతులు ఎపిసోడ్‌కి అయిదు, పూటకి 1,500 చొప్పున 45,000. ఎడిటింగ్, సౌండ్ డిజైన్ పూర్తయిన నిమిషానికి 400 చొప్పున 48,000. టైటిల్ సంగీతం 10,000, ముఖచిత్రం 4,000. రికార్డింగ్ గది, మైకుల అద్దె 25,000. భోజనాలు, బస్సు, ఆటో 12,000. మొత్తం 1,68,000. దీనిమీద పదో వంతు, అంటే 16,800, అనుకోని ఖర్చుకి పక్కన పెట్టండి. 1,84,800 అయింది.

ఆన్‌లైన్ వేదిక ద్వారా చందాలు ఎత్తితే దాని ఫీజు, పేమెంట్ గేట్‌వే (డబ్బు దాటించే సంస్థ) రుసుము, వాటి మీద 18% జీఎస్టీ పోతాయి. అన్నీ కలిపి 8% అనుకుందాం. చాలామంది 1,84,800కి 8% కలిపి అడుగుతారు. అది తప్పు. ఫీజు కోసేది వసూలైన మొత్తం మీద కాబట్టి 0.92తో భాగించాలి. 2,00,870 వస్తుంది. మీరు అడగాల్సిన అంకె అది.

లక్ష చాలన్న మీ స్నేహితుడు గొంతుల్ని, సౌండ్ డిజైన్‌ని ఉచితంగా లెక్కేసి ఉంటాడు. ఈ విషయంలో మా మాట గట్టిగా చెబుతాం: నటులకి డబ్బివ్వండి. మన రెండు జిల్లాల్లో పరిషత్తు నాటకాలాడిన మంచి గొంతులున్నాయి. మొదటి ఎపిసోడ్‌కి అభిమానంతో ఊరికే వస్తారు. మూడోదానికి పెళ్లో, పొలమో, ఇంకో నాటకమో అడ్డొస్తుంది. వాళ్లని తప్పుపట్టలేం. ఒకరు రాకపోతే ఆ రోజు వచ్చిన మిగతా నలుగురి పూటా వృథా. డబ్బిచ్చినప్పుడే తేదీ తేదీగా నిలబడుతుంది.

ఖర్చు తగ్గించే చోటు ఇంకొకటుంది. ఎపిసోడ్ వారీగా పిలిస్తే 30 కాల్షీట్లు (ఒక నటుడు వచ్చే ఒక్కో పూట ఒక కాల్షీటు). ఆరు స్క్రిప్టులూ ముందే పూర్తిచేసి, ఒక నటుడివి అన్ని ఎపిసోడ్ల సీన్లూ కలిపి చేయిస్తే 20కి దిగొచ్చు. 15,000 మిగులు. ‘రాస్తూ తీద్దాం’ అనుకున్నవాళ్లకి ఈ మిగులు రాదు. స్క్రిప్టు కొలత కూడా ముందే చూసుకోండి: మాటల మధ్య ఆగడాలు, శబ్దాలు కలుపుకుని 20 నిమిషాలకి 1,800 నుంచి 2,000 పదాలు సరిపోతాయి. మూడు వేలు రాసుకొస్తే ఎడిటింగ్‌లో కోసేది మీరు డబ్బిచ్చి చేయించుకున్న నటనే.

ఎవర్ని ముందు అడగాలన్నారు. ఇంకా ఎవర్నీ అడక్కండి. అయిదుగురూ తలా 5,000 వేసుకుని ఆ 25,000తో మొదటి ఎపిసోడ్ పూర్తిగా తీయండి. మూడు నిమిషాల ట్రైలర్‌తో చందాలకి వెళ్లేవాళ్లున్నారు. ట్రైలర్‌లో ఉరుము, కేక, సంగీతం పెట్టి ఎవరైనా ఆకట్టుకోగలరు. వినే మనిషిని 20 నిమిషాలు కూర్చోబెట్టగలరా లేదా అన్నది ఎపిసోడ్ వింటేనే తెలుస్తుంది. డబ్బిచ్చేవాళ్లకి ఉండే అనుమానం కూడా అదే.

ఆ ఎపిసోడ్ పూర్తయ్యాక ఒక 40 మంది పేర్లు రాసుకోండి. బంధువులు, కాలేజీ స్నేహితులు, నాటకాల వాళ్లు, లైబ్రరీలో కలిసేవాళ్లు. వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పడేస్తే పని జరగదు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, లింకు పంపి, విన్నాక మళ్లీ మాట్లాడండి. అడగాల్సిన మొత్తంలో మూడో వంతు ఈ తెలిసినవాళ్ల నుంచి వచ్చాకే బయటివాళ్లకి చెప్పండి. సున్నా దగ్గరున్న పేజీలో కొత్తవాళ్లు డబ్బు వేయరు. గడువు 30 రోజులు చాలు. 90 రోజులు పెడితే మధ్యలో రెండు నెలలు ఏమీ కదలదు.

కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైటులో పెడితే మేలంటున్నారు. నిజమేనా? చందా వేసినవాళ్లకి కప్పులు, టీషర్టులు ఇవ్వాలా? వచ్చిన డబ్బు మీద పన్నుంటుందా?
— పాఠకురాలు, ఒంగోలు

మన దేశంలో ఉంటూ కిక్‌స్టార్టర్‌లో ప్రాజెక్టు పెట్టే వీలు లేదు. అమెరికాలో ఉన్న స్నేహితుడి పేరుతో పెడతామంటారు కొందరు. అప్పుడు ఆ ప్రాజెక్టుకి బాధ్యుడు ఆయన, అక్కడి పన్ను లెక్కలు ఆయన మెడకి చుట్టుకుంటాయి. కెట్టో, మిలాప్ లాంటి మన వేదికల్లో వైద్య ఖర్చుల విన్నపాలే ఎక్కువ. ఆసుపత్రి బిల్లుల పక్కన నాటకానికి అడగడం మీకే ఇబ్బందిగా ఉంటుంది. రెండు లక్షల స్థాయికైతే సొంత యూపీఐ క్యూఆర్ కోడ్, ఒక గూగుల్ ఫారం, అందరూ చూడగల ఒక లెక్కల షీటు సరిపోతాయి. అలా చేస్తే పై జవాబులో వేసిన 8% కూడా దాదాపు మిగులుతుంది.

కప్పులు, టీషర్టులు వద్దు. 500 చందా వేసినాయనకి 250 కప్పు, దాన్ని పగలకుండా ప్యాక్ చేయడానికి, కొరియర్‌కి ఇంకో 100 పెడితే నాటకానికి మిగిలేది 150. ఖర్చు లేనివే ఇవ్వండి: ఎపిసోడ్ రెండు రోజులు ముందుగా వినే అవకాశం, స్క్రిప్టు పీడీఎఫ్, సంత సీనులోనో బస్టాండు సీనులోనో గుంపు గొంతుల్లో ఒకటిగా కేకేసే అవకాశం. ఆ చివరిదానికి జనం ఇష్టంగా ముందుకొస్తారు, మీకూ గుంపు గొంతులు కావాలి. చందాదారులందరి పేర్లూ ఎపిసోడ్ చివర చదువుతామని మాత్రం మాటివ్వకండి. పేరుకి రెండు సెకన్లయినా 200 పేర్లకి దాదాపు ఏడు నిమిషాలు. పేర్లు ఎపిసోడ్ కింద రాసే వివరణలో పెట్టండి.

పన్ను సంగతి. బంధువులు కానివాళ్ల నుంచి ఒక వ్యక్తికి ఒక ఆర్థిక సంవత్సరంలో కానుకగా వచ్చినది 50,000 దాటితే, దాటిన భాగం కాదు, మొత్తం పన్ను పరిధిలోకి వస్తుంది. మీలో ఒకరి సేవింగ్స్ ఖాతాలోకి రెండు లక్షలు పోగేస్తే ఆ ఒక్కరి మీద పడేది ఇదే. అందుకే ఒక పార్ట్‌నర్‌షిప్ పత్రం రాసుకుని, దాని పేరుతో పాన్, కరెంట్ ఖాతా తీసి, చందాని సంస్థ ఆదాయంగా, నాటకం ఖర్చుని సంస్థ ఖర్చుగా చూపడం మంచిది. పత్రం రాయించే ముందే ఆడిటర్‌ని ఒకసారి కలవండి. ప్రతి చెల్లింపుకీ, నటుడికిచ్చిన 1,500కి కూడా, సంతకంతో రసీదు ఉండాలి.

మా ఊళ్లో రొయ్యల మేత డీలరు ఒకాయన 50,000 ఇస్తానన్నారు. కానీ కథలో హీరో ఆయన మేతే కొనాలట. పైగా ఇన్‌కమ్ ట్యాక్స్‌లో మినహాయింపు కావాలట. ఏం చెప్పమంటారు?
— పాఠకుడు, నెల్లూరు

ఇచ్చే మనిషి దొరికారు, పోగొట్టుకోకండి. అయితే ఆయన అడిగిన రెండింటికీ వేరే దారి చూపించాలి.

కథలో పేరు కలిపితే అది శాశ్వతం. వచ్చే ఏడాది ఆయన ఇంకో కంపెనీ డీలర్‌షిప్ తీసుకోవచ్చు. అప్పుడు ఆ సీను ఆయనకే పనికిరాదు, ఇంకో స్పాన్సరూ మీ దగ్గరికి రాడు. బదులుగా ఎపిసోడ్ మొదట్లో 20 సెకన్ల సమర్పణ ఇవ్వండి. దాన్ని విడి ఫైలుగా రికార్డు చేసి ఉంచుకుంటే, ఏడాది తర్వాత తీసేసి ఎపిసోడ్‌ని మళ్లీ ఎక్కించొచ్చు.

మినహాయింపు అంటే ఆయన ఉద్దేశం విరాళాల మీద వచ్చే పన్ను మినహాయింపు, జనం 80జీ అనేది. ఆ అనుమతి ఉన్న ట్రస్టుకో సొసైటీకో విరాళమిస్తేనే అది వర్తిస్తుంది. మీకది లేదు. ఆయనకి మాత్రం అదేమంత నష్టం కాదు: మీరు ప్రకటన పేరుతో ఇన్‌వాయిస్ ఇస్తే ఆయన దాన్ని వ్యాపార ఖర్చుగా రాసుకోవచ్చు. ఆయన సంస్థ టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) కోసే పక్షంలో మీ పాన్ ఇవ్వండి. ఇవ్వకపోతే 20% కోస్తారు. జీఎస్టీ నమోదు సేవలకైతే ఏడాదికి 20 లక్షల రాబడి దాటినప్పుడు, మీకు ఇప్పుడే అవసరం లేదు.

నిజాయితీగా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. పాడ్‌కాస్ట్ వినేవాళ్లు హైదరాబాదులో, బెంగళూరులో ఉంటారు. వాళ్లెవరూ మేత కొనరు. వెయ్యి మంది విన్నారని చెబితే డీలరుకి ఒరిగేదేమీ లేదు. ఆయనకి కావాల్సింది ఊళ్లో పేరు. మొదటి ఎపిసోడ్‌ని టౌన్‌హాలులోనో ఏదైనా కాలేజీ హాలులోనో లైట్లు తగ్గించి, మంచి స్పీకర్ల మీద వంద మందికి వినిపించండి. బ్యానర్ మీద ఆయన పేరు, ముందు వరసలో ఆయన రైతులు. స్థానిక స్పాన్సర్‌కి అమ్మగలిగింది ఈ సాయంత్రమే.

ఒప్పందం ఒక పేజీ చాలు: ఎన్ని ఎపిసోడ్లు, ఎన్ని సెకన్లు, ఎంతకాలం, కథలో మార్పు అడిగే హక్కు లేదన్న ముక్క. సంతకం రోజు సగం, మొదటి ఎపిసోడ్ విడుదల రోజు మిగతా సగం. అడగడానికీ అదను చూసుకోవాలి: రొయ్యల వాళ్లని పట్టుబడి అయ్యాక, వరి మిల్లర్లని కోతల తర్వాత, పొగాకు మీద బతికే వ్యాపారుల్ని వేలం సాగే వేసవి నెలల్లో. చేతిలో డబ్బు ఆడని రోజుల్లో అడిగి కాదనిపించుకుంటే, మళ్లీ అడగడం కష్టం.

మా పెదనాన్న కొడుకు అమెరికాలో ఉంటాడు. అక్కడి తెలుగువాళ్ల దగ్గర డాలర్లు పోగుచేసి పంపుతానంటున్నాడు. తీసుకోవచ్చా?
— పాఠకురాలు, గూడూరు

పంపేవాళ్లది ఏ దేశం పాస్‌పోర్టు అన్నదాన్ని బట్టి ఉంటుంది. భారత పౌరుడిగా ఉంటూ, గ్రీన్‌కార్డు ఉన్నా సరే, తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, చేతిలో ఓసీఐ కార్డున్నా (విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకి మన ప్రభుత్వం ఇచ్చేది), విదేశీ విరాళాల్ని నియంత్రించే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం దృష్టిలో విదేశీయులే. మీ అన్న అందరివీ కలిపి ఒకేసారి పంపితే ఎవరిది ఏదో తేలదు. కాబట్టి పోగుచేయొద్దని చెప్పండి. భారత పౌరులు ఎవరికి వారే పంపాలి. మిగతావాళ్ల నుంచి విరాళం కాకుండా, అందరికీ ఒకే ధరకి అమ్మే సభ్యత్వ రుసుముగా తీసుకోవడం ఒక పద్ధతి. మామూలు వ్యాపారంలో సేవకి తీసుకునే రుసుముని చట్టం విడిగానే చూస్తుంది. దీన్ని మాత్రం ఆడిటర్ చెప్పాకే మొదలుపెట్టండి.

‘10,000 పెట్టండి, ఏడాదికి 12,000 ఇస్తాం’ అని ఊళ్లో చెబితే డబ్బు తేలిగ్గా వస్తుందని మా మామయ్య అంటున్నాడు.
— పాఠకుడు, సింగరాయకొండ

వద్దు. అనుమతి లేకుండా జనం దగ్గర ఇలా డిపాజిట్లు సేకరించడాన్ని 2019లో వచ్చిన చట్టం నిషేధించింది. జైలు శిక్ష దాకా పోతుంది. పైగా కొత్త పాడ్‌కాస్ట్ మొదటి ఏడాది 20% లాభం తెచ్చిపెట్టదు. దగ్గరి బంధువుల దగ్గర అప్పు తీసుకోవాల్సొస్తే కాగితం రాసుకుని బ్యాంకు ద్వారా తీసుకోండి. 20,000, అంతకు మించిన అప్పు నగదుగా తీసుకోకూడదు.

చందాలు ఇచ్చినవాళ్లు తర్వాత గొడవ పెట్టే అవకాశం ఎక్కడుంటుంది?
— పాఠకురాలు, టంగుటూరు

రెండు చోట్ల. ఒకటి హక్కులు. కథ పాత పత్రికలోదైతే రచయిత మరణించిన మరుసటి జనవరి 1 నుంచి 60 ఏళ్లు వారసులకి హక్కుంటుంది. 1960లో పోయిన రచయిత కథలు 2021 జనవరి 1 నుంచి అందరివీ. ఆ 60 ఏళ్లు ఇంకా పూర్తికాని రచయితలయితే వారసుల రాతపూర్వక అనుమతి కావాలి. అందులో కాలం రాయకపోతే చట్టం అయిదేళ్లుగానే తీసుకుంటుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. పాడ్‌కాస్ట్ ప్రపంచమంతా వింటుంది కాబట్టి రెండూ రాయించుకోండి. ఫ్రీసౌండ్ వెబ్‌సైటులో దించుకునే శబ్దాల్లో కొన్ని వ్యాపారేతర వాడకానికే. స్పాన్సర్ డబ్బు తీసుకున్న రోజున అవి వాడకూడదు. సినిమా పాట 10 సెకన్లయినా పెట్టొద్దు.

రెండోది ఆలస్యం. చెప్పిన తేదీ దాటడానికి కారణం దాదాపు ఎప్పుడూ శబ్దమే. మే నెలలో ఫ్యాన్ ఆపలేక ఆన్‌లో ఉంచి రికార్డు చేస్తారు. ఎడిటింగ్‌లో ఆ హోరు మాటకింద పోదు, తీయబోతే గొంతు డొల్లగా మారుతుంది. మళ్లీ అందర్నీ పిలవాలి. రాత్రి పది తర్వాత, రోడ్డుకి దూరంగా ఉన్న గదిలో, గోడలకి బొంతలు కట్టి చేయండి. ప్రతి పూటా చివర ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఖాళీ గదిని రికార్డు చేయండి, అతుకులు కప్పేది అదే. సముద్రం శబ్దం కావాలంటే ఒడ్డున నిలబడితే గాలి మైకుని కొట్టి ఫట్‌ఫట్‌మంటుంది. మైకుకి బొచ్చు తొడుగేసి, సరుగుడు తోపుకి ఈవలి పక్కన తెల్లవారుజామున తీస్తే అల విడిగా వినబడుతుంది.

రెండు లక్షలు అడిగితే లక్షా పదివేలే వచ్చింది. ఆపేయాలా?
— పాఠకుడు, ఆత్మకూరు

ఆపొద్దు, అలాగని ఆరు ఎపిసోడ్లూ సాగదీయొద్దు. అదే డబ్బుని ఆరింటికి పంచితే ముందు కోత పడేది సౌండ్ డిజైన్‌కి. అప్పుడు మిగిలేది మనుషులు కాగితం చదివినట్టుండే నాటకం. కావలి పాఠకుడికి వేసిన లెక్కలో ఎపిసోడ్‌కి సగటున 28,000 అవుతుంది కాబట్టి మూడింటికి 84,000. పదో వంతు కలిపితే 92,400. మీ దగ్గరున్నది సరిపోతుంది. మూడో ఎపిసోడ్ చివర కథ ఒక మలుపు దగ్గర నిలబడేలా స్క్రిప్టు సర్దండి. గడువు ముగిసిన వారంలోపే చందాదారులందరికీ ఎంత వచ్చింది, ఏం తీస్తున్నాం, ఎప్పుడు వస్తుంది అని రాయండి. ఒప్పుకోనివాళ్లకి డబ్బు వెనక్కిస్తామని అదే ఉత్తరంలో చెప్పండి. రికార్డు చేసిన ఒరిజినల్ వేవ్ (కుదించని) ఫైళ్లు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ మోనో అయితే ఒక్కో మైకుకి నిమిషానికి దాదాపు 9 ఎంబీ. రెండు హార్డ్‌డిస్కుల్లో, రెండు ఇళ్లలో దాచండి. మిగతా మూడు ఎపిసోడ్లకి డబ్బు వచ్చిన రోజున అవే శబ్దాలు, అదే గది మళ్లీ కావాల్సొస్తుంది.