తొలి సెమ్‌లోనే ప్రొబేషన్.. ఇంట్లో ఎలా చెప్పను?

ప్రశ్న: మాది ఖమ్మం. ఆగస్టులో టెక్సాస్‌లోని ఒక యూనివర్సిటీలో ఎంఎస్ కంప్యూటర్ సైన్స్‌లో చేరాను. మొదటి సెమ్‌లో ఒక బీ, రెండు సీలు వచ్చాయి. జీపీఏ 2.33. మార్కులు తగ్గినందుకు ప్రొబేషన్‌లో (హెచ్చరించి, మెరుగుపడటానికి గడువివ్వడం) పెట్టినట్టు మెయిల్ వచ్చింది. ఇంట్లో మాత్రం మార్కులు బాగానే వచ్చాయని చెప్పాను. నాన్న ఇల్లు తాకట్టు పెట్టి 30 లక్షల లోను తీసుకున్నారు. రెండో సెమ్ మొదలై మూడు వారాలైంది, క్లాసుకి వెళ్లబుద్ధి కావడం లేదు. నిద్ర పట్టదు. ఒక్కోసారి పొద్దున్నే లేవకపోతే బాగుండనిపిస్తోంది. ఒక సబ్జెక్టు డ్రాప్ చేసి, రెస్టారెంట్‌లో క్యాష్‌కి పనిచేయమని రూమ్మేట్లు అంటున్నారు. ఏం చేయను?

జవాబు: ముందు ఆ ‘లేవకపోతే బాగుండు’ అన్న మాట గురించి. ఆ ఆలోచన మళ్లీ వస్తే ఏ వేళైనా సరే 988కి ఫోన్ చేయండి, మాట్లాడలేకపోతే మెసేజ్ పెట్టండి. అమెరికా అంతటా పనిచేసే నంబరది. ఆ రాత్రి ఒంటరిగా ఉండొద్దు, రూమ్మేట్లలో ఒకరిని లేపి పక్కన కూర్చోమనండి. రేపే యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోండి. చాలాచోట్ల ఆ ఖర్చు మీరు కట్టిన ఫీజులోనే కలిసి ఉంటుంది. డిపార్ట్‌మెంట్‌కి తెలిసిపోతుందేమోనని మన పిల్లలు వెనకాడుతుంటారు. ప్రాణానికి ముప్పున్నప్పుడు తప్ప, అక్కడ చెప్పుకున్నది సాధారణంగా మీ అనుమతి లేకుండా ప్రొఫెసర్లకు గానీ, అమ్మానాన్నలకు గానీ చేరదు.

ఇక రూమ్మేట్ల సలహా. మీ మీద అభిమానంతోనే చెప్పి ఉంటారు, కానీ అది ప్రొబేషన్ కంటే పెద్ద చిక్కులో పడేస్తుంది. ప్రొబేషన్ యూనివర్సిటీ లోపలి వ్యవహారం, జీపీఏ తిరిగి 3.0కి చేరితే తీరిపోతుంది. ఎఫ్‌-1 స్టేటస్ (విద్యార్థిగా అమెరికాలో ఉండే హోదా) పోతే అంత తేలిగ్గా తీరదు. క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పని చేయొచ్చు. అనుమతి లేకుండా బయట చేసేది క్యాష్‌కైనా, గంటసేపైనా ఉల్లంఘనే. స్టేటస్ పోయినవాళ్లు తిరిగి ఇప్పించమని దరఖాస్తు పెట్టుకునే దారి ఒకటుంది. అలా పనిచేసినవాళ్లకు ఆ దారి కూడా మూసుకుపోతుంది.

సబ్జెక్టు డ్రాప్ చేయడం తప్పేమీ కాదు, ఏది ముందు ఏది వెనక అన్నదే ముఖ్యం. పోర్టల్‌లో డ్రాప్ నొక్కడం అర నిమిషం పని. చాలామంది అది నొక్కేసి ఆ తర్వాత ఇంటర్నేషనల్ ఆఫీసుకు పరుగెడతారు. మీ యూనివర్సిటీలో పూర్తి లోడు, అంటే సెమ్‌కి తీసుకోవాల్సిన చదువు, 9 క్రెడిట్లయితే (సబ్జెక్టుకి మూడు చొప్పున), అనుమతి లేకుండా ఆరుకి దిగితే అక్కడికే స్టేటస్ దెబ్బతింటుంది. ముందు డీఎస్‌ఓని, అంటే ఆ ఆఫీసులో విదేశీ విద్యార్థుల స్టేటస్ చూసే అధికారిని కలవండి. సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ రికార్డు) అనుమతి నమోదయ్యాకే డ్రాప్ చేయాలి.

ఆ అనుమతికి మీ విషయంలో రెండు ఆధారాలున్నాయి. ఒకటి చదువులో ఇబ్బంది: అమెరికా బోధన పద్ధతి కొత్త కావడం, స్థాయికి మించిన కోర్సు పడటం లాంటివి. ఇది కొత్తలో ఎదురయ్యే ఇబ్బందులకే, ఒక డిగ్రీలో ఒక్కసారే, అదీ సగం లోడుకు తగ్గకుండా. రెండోది ఆరోగ్యం. నిద్రలేమి, దిగులు కూడా ఇందులోకి వస్తాయి. డిగ్రీ మొత్తంలో 12 నెలలకు మించకుండా ఇస్తారు, అవసరమైతే ఒక్క క్రెడిట్ కూడా లేకుండా సెలవు ఇవ్వొచ్చు. దీనికి లైసెన్సున్న డాక్టరో, క్లినికల్ సైకాలజిస్టో ఉత్తరం ఇవ్వాలి. కౌన్సెలింగ్ సెంటర్‌లో మీరు కలిసే వ్యక్తికి ఆ అర్హత లేకపోతే ఉత్తరం చెల్లదు కాబట్టి అపాయింట్‌మెంట్ అప్పుడే అడగండి.

డ్రాప్ చేసే ముందు, ఏకి 4, బీకి 3, సీకి 2 పాయింట్ల చొప్పున ఒక లెక్క వేసుకోండి. ఈ సెమ్ మూడు సబ్జెక్టులూ ఉంచుకుంటే రెండు ఏలు, ఒక బీ వస్తే మొత్తం జీపీఏ సరిగ్గా 3.0కి చేరుతుంది. ఒకటి వదిలేస్తే మిగిలిన రెండింటిలోనూ ఏ రావాలి, ఒక్క బీకి కూడా చోటుండదు. ఆరోగ్యం బాగోకపోతే ఈ లెక్క పక్కన పెట్టి లోడు తగ్గించుకోండి. కేవలం మార్కుల కోసమైతే ముందు గ్రాడ్యుయేట్ అడ్వైజర్‌ని రెండు సంగతులు అడగండి: ప్రొబేషన్ తీరడానికి ఎన్ని సెమ్‌ల గడువుంది, సీ వచ్చిన సబ్జెక్టు మళ్లీ చదివితే పాత గ్రేడు తీసేస్తారా, రెండూ కలిపి లెక్కిస్తారా. యూనివర్సిటీని బట్టి జవాబు మారుతుంది.

సీలు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా చూసుకోవాలి. బీటెక్‌లో పరీక్ష ముందు పది రోజులు కూర్చుంటే గట్టెక్కొచ్చు. ఎంఎస్‌లో మార్కులు అసైన్‌మెంట్లు, క్విజ్‌లు, మిడ్‌టర్మ్, ప్రాజెక్టు అని పంచి ఉంటాయి. నాలుగు అసైన్‌మెంట్లు ఆలస్యమైతే ఫైనల్ ఎంత బాగా రాసినా గ్రేడు లేవదు. సిలబస్ కాగితాలు మూడూ ముందు పెట్టుకుని గడువులన్నీ ఒకే క్యాలెండర్‌లో ఎక్కించండి. ఆఫీస్ అవర్స్‌కి (సందేహాలు తీర్చడానికి ప్రొఫెసర్ కేటాయించే సమయం) ‘అర్థం కాలేదు సార్’ అంటూ వెళ్తే లాభం తక్కువ. మీరు సగం చేసిన లెక్క చూపించి, ఇక్కడ ఆగిపోయానని అడగండి, అక్కడి నుంచి చేయిస్తారు. సీనియర్ల కోడ్ మాత్రం ముట్టుకోవద్దు. పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్లున్నాయి, ప్రొబేషన్‌లో ఉండగా కాపీ కేసు పడితే సీటే పోవచ్చు.

నాన్నగారికి ఈ వారమే చెప్పండి. యూనివర్సిటీ మీ మార్కులు మీ అనుమతి లేకుండా ఆయనకు పంపదు. అయితే లోను వాయిదాల్లో ఇచ్చే బ్యాంకులు తర్వాతి వాయిదాకి ముందు మార్కుల కాగితం అడుగుతుంటాయి. ఆయనకు బ్యాంకు మేనేజరు ముందు తెలియడం కంటే మీ నోటి నుంచి వినడం నయం. డీఎస్‌ఓని, అడ్వైజర్‌ని కలిశాక, మీకు శనివారం రాత్రి 9 అయితే ఖమ్మంలో ఆదివారం ఉదయం ఎనిమిదిన్నర, అమ్మ కూడా పక్కనుండగా ఫోన్ చేయండి. ‘నాన్నా, మార్కుల విషయంలో మీకు అబద్ధం చెప్పాను. జీపీఏ 2.33 వచ్చింది, 3 ఉండాలి. ఇంకా ఇంత గడువుంది. నాకు నిద్ర పట్టట్లేదు, డాక్టర్‌ని కలుస్తున్నా.’ ఇంతే, ఇదే వరుసలో. ఆయన కోప్పడితే ఎదురు చెప్పకండి, మర్నాడు మళ్లీ చేయండి. తొలి అరగంట కోపంలో భయమే ఎక్కువ ఉంటుంది. ఇంట్లోవాళ్లు బెంగపడితే వాళ్లు తెలుగులో మాట్లాడుకోవడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది.

అన్నీ చూశాక ఇంటికి రావాలనిపిస్తే అదీ ఒక దారే. చెప్పకుండా విమానం ఎక్కకండి. డీఎస్‌ఓ అనుమతితో విరమించుకుంటే దేశం విడవడానికి 15 రోజులుంటాయి. ఐదు నెలల లోపు తిరిగి వెళ్లేట్టయితే పాత సెవిస్ రికార్డునే తెరిపించుకునే వీలుంది. దాటితే కొత్త ఐ-20 (వీసాకి యూనివర్సిటీ ఇచ్చే పత్రం), మళ్లీ 350 డాలర్ల సెవిస్ ఫీజు. ట్యూషన్ ఫీజు వాపసు వారం వారం తగ్గుతూ పోతుంది కాబట్టి ఆ తేదీల పట్టిక ఇవాళే చూడండి, గది లీజు ఎవరికైనా బదిలీ చేయొచ్చేమో కనుక్కోండి. చదువు ఆపిన తేదీ నుంచి ఈఎంఐ ఎప్పుడు మొదలవుతుందో మీ లోను పత్రంలో రాసి ఉంటుంది, ఆ పేజీ ఫొటో తీసి పంపమని నాన్నగారినే అడగండి.