ఎనర్జీ డ్రింక్ డబ్బాల్లో ఏది రుచి, ఏది పైసలకు తగ్గది? ఏనుమాముల మిర్చి యార్డు నుంచి నా జవాబు

హన్మకొండల హాస్టల్ల ఉండి డిగ్రీ పరీక్షలకు చదువుతున్న తమ్ముడు అడిగిండు: రెడ్ బుల్, మాన్‌స్టర్, హెల్, ఈ మూడు డబ్బాల్ల ఏది రుచి, ఏ డబ్బాల సరుకెక్కువ, రాత్రి మేల్కొని చదివేటందుకు ఏది కొంటే పైసలు దండుగ గావు, షుగర్ లేనిది తాగితే నయమా అని.

తమ్మీ, నేను పన్నెండేండ్ల సంది వరంగల్ ఏనుమాముల మార్కెట్ల రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంల గుమాస్తాగ చేస్తున్న. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి సీజన్ల మాకు పగలూ రాత్రీ ఒక్కటే. శని, ఆదివారాలు యార్డుకు సెలవు, అందుకే సోమవారం సరుకు కోసం ఆదివారం రాత్రి నుంచే బండ్లు లైన్ కడ్తయి. మేల్కొనుడు గురించి పుస్తకాల చదివి చెప్తలేను. ఈ డబ్బాలన్నీ నా చేతుల మీదుగ పోయినయి.

ముందు రుచి చెప్త. చల్లగుంటే అన్నీ బాగుంటయి. ఫ్రిజ్‌ల నుంచి తీసిన డబ్బా తాగి రుచి చెప్పుడంటే పౌడర్ వేసుకున్న మొఖం చూసి రంగు చెప్పినట్టే. పోయిన యేడాది ఫిబ్రవరిల ఒకనాడు కరెంటు పోయి మా ఎదురు దుకాణం ఫ్రిజ్ మధ్యాహ్నం దాకా బంద్ ఉండె. ఆ రోజు మూడు డబ్బాలు, 20 రూపాయల స్టింగ్ ప్లాస్టిక్ సీసా ఒకటి తెప్పించి, చాయ్ కాయితం గ్లాసుల్ల పోసి హమాలోళ్లతోని కూసోని వరుసగ తాగినం. వెచ్చగైతే అసలు రంగు బయటపడ్తది. రెడ్ బుల్‌ల పులుపు ముందు తగుల్తది, ఆ వెనకాల దగ్గు మందు వాసన. మాన్‌స్టర్ తీపి ఎక్కువ, నాలుక మీద జిగట ఉంటది, సగం గ్లాసుకే మొహం మొత్తింది. హెల్ రెడ్ బుల్‌కు తమ్మునసొంటిది, కళ్లు మూసుకొని తాగితే నలుగురిల ఇద్దరు తేడా పట్టలే. స్టింగ్ అయితే అచ్చం బబుల్‌గమ్. మా హమాలీ మేస్త్రి కాక అరవై దాటిన మనిషి, మూడో గ్లాసు కాడ పెదవులు తుడుచుకొని "గిది మా మనవనికి జ్వరమొస్తే పోసే మందు లెక్కనే ఉన్నది బిడ్డా" అన్నడు. నాకైతే రెడ్ బుల్ పులుపే నచ్చింది, అబద్ధమెందుకు. ఇంకో ముచ్చట, మిర్చి యార్డుల గొంతు ఎప్పటికీ మంటల ఉంటది. ఆ గొంతుల గ్యాస్ పడితే దగ్గు ఆగదు. మా దగ్గర తాగేటోళ్లు ముందు గ్లాసుల పోసి గ్యాస్ పోయేదాక ఊపుతరు.

ఇగ లోపల సరుకు. మన దేశంల తిండి సరుకుల మీద రూల్స్ పెట్టే సర్కారు సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లెక్క ఒకటున్నది. కెఫిన్ కలిపిన డ్రింకుల లీటరుకు 145 మిల్లీగ్రాములకు తక్కువ ఉండొద్దు, 300 దాటొద్దు. అంటే 250 మిల్లీలీటర్ల డబ్బా ఏ కంపెనీదైనా, ఎంత ధర పెట్టినా 75 మిల్లీగ్రాముల మీదికి పోదు. ఈ డ్రింకులన్నీ ఆ పై హద్దుకు దగ్గరగనే కలుపుతయి. "అది కొడితే వేరే లెవల్" అని మీ హాస్టల్ల చెప్పుకునే మాటంత డబ్బా మీది బొమ్మల నుంచి వచ్చిందే. చక్కెర చూస్తే, మామూలు రెడ్ బుల్ 250 డబ్బాల 27 గ్రాముల దాక ఉంటది. చెంచాకు 4 గ్రాములు వేసుకున్నా దగ్గర దగ్గర ఏడు చెంచాలు. చాయ్‌ల ఏడు చెంచాల చక్కెర వేస్తే నువ్వు ఆ చాయ్ అతని మీద కొట్లాటకు పోతవు.

టౌరిన్ అని రాసుంటది కదా, దాని మీద మా దగ్గర పెద్ద పంచాయితీ అయింది. కొండగట్టు అంజన్న మాల వేసుకున్న హమాలీ స్వామి గ్లాసు పట్టుకోలే. "అన్నా, గిండ్ల ఎద్దు పిత్తం కలుపుతరట గద, నేను మాల మీదున్న" అన్నడు. ఆయన అన్నదాంట్ల సగం నిజమున్నది. 1827ల టౌరిన్‌ను మొదటిసారి తీసింది ఎద్దు పిత్తం నుంచే, పేరు కూడా లాటిన్‌ల ఎద్దు అనే మాట మీదనే పెట్టిండ్రు. గని ఇప్పుడు డ్రింకులల్ల కలిపేది ఫ్యాక్టరీల రసాయనాలతోని తయారుచేసింది. మన ఒంట్ల కూడా అది తయారైతనే ఉంటది. స్వామికి అదే చెప్పిన. విన్నడు, గని తాగలే, బెల్లం నీళ్లు తాగిండు. ఆ ఎండల ఆయన చేసిందే మంచి పని.

ధర కాడికి వస్తే నాకు మండుతది. మా దగ్గర రెడ్ బుల్ 250 డబ్బా 125 రూపాయలు, హెల్ అదే సైజు 60, స్టింగ్ సీసా అదే కొలత 20. మాన్‌స్టర్ డబ్బా 350 మిల్లీలీటర్లు, అది కూడ వంద దాటుతది. కెఫిన్ హద్దు అన్నిటికీ ఒక్కటే అయినంక 20కీ 125కీ నడుమ తేడా దేనికి? రెడ్ బుల్ పుట్టుక తెలిస్తే నీకే అర్థమైతది. థాయ్‌లాండ్‌ల 1970లల్ల లారీ డ్రైవర్లు, కూలోళ్లు తాగే చౌక సీసా ఒకటుండేది, పేరు క్రతింగ్ డేంగ్. గ్యాస్ ఉండదు, చిన్న సీసా. ఆస్ట్రియా వ్యాపారి డీట్రిష్ మాటెషిట్జ్ అది తాగి, దాన్ని తయారుచేసిన ఛలియో యూవిద్యతోని కలిసి గ్యాస్ పట్టించి, సన్న డబ్బాల పోసి 1987ల ఆస్ట్రియాల అమ్ముడు మొదలుపెట్టిండు. హమాలీ తాగే సీసా కారు ఉన్నోని చేతికి పోయింది, ఇప్పుడు అదే తిరిగి 125 రూపాయలకు హమాలీ దగ్గరికే వచ్చింది. దాని మీద పన్ను 40 శాతం. లెక్క కట్టు, 125ల 35 రూపాయల మీదనే సర్కారుకు పోతది.

డబ్బాకు ఒక్క గుణం ఒప్పుకుంట. అల్యూమినియం జల్ది చల్లబడ్తది, వెలుతురు సోకదు. యార్డు వెనక చెత్త ఏరుకునే అక్క సీసాలు వదిలిపెట్టి ముందు డబ్బాలే ఏరుతది. దాని విలువ ఆమెకు తెల్సు.

ఇప్పుడు నువ్వు అడగంది చెప్త. నేను ఈ జవాబు రాసేటందుకు కూసున్నదే దీనికోసం.

పోయిన సీజన్ల మార్చిల ఒక సోమవారం. ఆదివారం రాత్రి పదకొండింటికి ఒక రెడ్ బుల్ తాగిన, తెల్లారి నాలుగింటికి ఇంకొకటి, సోమవారం మధ్యాహ్నం తిండి లేకుండ మాన్‌స్టర్ పెద్ద డబ్బా. మొత్తం 850 మిల్లీలీటర్లు. డబ్బా మీద రోజుకు 500 దాటొద్దని రాసే ఉంటది, నేను చూడలే. కండ్లు మాత్రం బల్బుల లెక్క వెలుగుతున్నయి. అలసట లేదు, ఆకలి లేదు. కాంటాలు నడుస్తున్నయి, తూకం వేసే దడవాయి బరువు చెప్తున్నడు, నేను రాస్తున్న. ఆ రోజంత నా అంత హుషారు మనిషి యార్డుల లేడనుకున్న.

రేగొండ దిక్కు నుంచి వచ్చిన ఒక ముసలాయన సరుకు, తేజ రకం, 32 టిక్కీలు, అంటే బస్తాలు. క్వింటాలుకు 13,800 పడ్డది. నేను తక్‌పట్టీ, అంటే సరుకు బరువు, ధర లెక్క చీటీ, రాసి చేతికిచ్చిన. ఆయన అద్దాలు ముక్కు మీదికి జరుపుకొని, అంగి జేబుల నుంచి ఎరువుల దుకాణం బిల్లు తీసిండు. దాని వెనక ఒక్కో టిక్కీ బరువు నీలం పెన్నుతోని వరుసగ రాసుకున్నడు. అంకెలు చిన్నపిల్లల రాత లెక్క పెద్దగ, ఒక్కటి కూడ కొట్టివేత లేదు.

"బిడ్డా, నా లెక్కల పదమూడు వందల డెబ్బై రెండు కిలోలు వచ్చింది. నువ్వు ఇరువై ఏడు రాసినవ్" అన్నడు.

నేను పుస్తకం మళ్ల చూసిన. నిజంగ చూసిన తమ్మీ. చూసి, "లేదు తాతా, మన పుస్తకంల ఇట్లనే ఉన్నది, నీ కూడికల తప్పు పడ్డది" అని చెప్పిన. ఆయన కదలలే. నేను ఇంకోసారి కూడిన, మళ్ల 1,327నే వచ్చింది. అంత గట్టి నమ్మకంతోని నేను నా జన్మల ఎప్పుడూ మాట్లాడలే. మా సేటు వచ్చి పుస్తకం గుంజుకొని చూసిండు. అంకెలు అన్నీ సరిగ్గనే ఉన్నయి, మొత్తం కాడ నేను 72ను 27 చేసిన, రెండోసారి కూడ అదే 27ను చూసిన. 45 కిలోలు. క్వింటాలు ధరతోని 6,210 రూపాయలు. ముసలాయన ఎండల మూడు నెలలు ఏరించిన మిర్చిల నుంచి నేను హుషారుగ కొట్టేసిన పైసలు.

కొత్త తక్‌పట్టీ రాస్తుంటే ఆయన నా పెన్ను దిక్కే చూసిండు. "నీ చెయ్యి ఆగుతలేదు బిడ్డా, ఎట్ల రాస్తవ్?" అన్నడు. అప్పుడు చూసుకున్న. పెన్ను కొన కాయితం మీద టకటక కొట్టుకుంటున్నది.

ఈ డ్రింకులు చేసేది ఏందో ఆ రోజు తెలిసింది. మనం మెలకువల ఉన్నంతసేపు మెదడుల అడినోసిన్ అనేది కూడుకుంట పోతది, అదే నిద్ర తెప్పిస్తది. కెఫిన్ పోయి దాని జాగల కూసుంటది. అంటే అప్పు తీరదు, అప్పులోన్ని వాకిట్ల ఆపుతది అంతే. వడ్డీ లోపల నడుస్తనే ఉంటది. ఒంట్ల సగం కెఫిన్ పోయేటందుకే చాలామందికి ఐదు గంటల దాక పడ్తది. నిద్ర వస్తలేదు అనేది నీకు కనబడ్తది, అంకె తప్పు చూస్తున్నవ్ అనేది కనబడది. నిద్రమబ్బుల ఉన్నోడు కనీసం తన మీద అనుమానంతోని ఇంకోసారి చూస్తడు. నేను ఆ అనుమానం కూడ లేకుండ ఉంటి. పరీక్ష హాల్ల నీకు కావాల్సింది ఆ అనుమానమే.

ఒక బాధ ఈడనే చెప్పుకుంట. నయీంనగర్ దిక్కు హాస్టళ్ల ముందున్న దుకాణాలల్ల ఇంటర్ పిల్లలు, ఇంకా చిన్న పిల్లలు కూడ 20 రూపాయల సీసాలు పట్టుకొని పోతరు. డబ్బా మీద, సీసా మీద "పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, కెఫిన్ పడనోళ్లకు, ఆటలాడేటోళ్లకు వద్దు" అనే హెచ్చరిక ఉండాలని రూల్ ఉన్నది. ఉంటది, ఇంగ్లీషుల, చీమ తల అంత అక్షరాలల్ల. మా హమాలీ కాకకు అది ఎట్ల చదవస్తది? తెలుగుల పెద్దగ రాస్తే ఏం పోతది? పోలండ్‌ల 2024 జనవరి నుంచి 18 ఏండ్లలోపు పిల్లలకు వీటిని అమ్ముడే బంద్ పెట్టిండ్రు. మన దగ్గర తండ్రి పోయి కొడుక్కు కొనిస్తున్నడు, చదువుతడని.

ఎండల పనిచేసేటోళ్లు ఇది తాగుడు ఇంకా తప్పు. చెమటల పోయేది నీళ్లు, ఉప్పు. డబ్బాల వచ్చేది చక్కెర, కెఫిన్. మార్చిల మా షెడ్డు రేకుల కింద నిలబడితే తెలుస్తది. అంబలి, ఉప్పేసిన మజ్జిగ, లేకుంటే మందుల దుకాణంల అసలైన ఓఆర్‌ఎస్ పొట్లం. అసలైన అని ఎందుకంటున్న అంటే, చక్కెర నీళ్లకు ఓఆర్‌ఎస్ పేరు పెట్టి ఏండ్ల సంది అమ్మిండ్రు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేండ్లు కొట్లాడితే 2025 అక్టోబర్‌ల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దన్నది. ఆ డాక్టరమ్మకు దండం పెట్టాలె.

నీ ప్రశ్నకు వస్త. ముగ్గురిల రుచికి రెడ్ బుల్, పైసలకు హెల్, మాన్‌స్టర్ ఒక్కనికి ఎక్కువ, ఇద్దరు పంచుకుంటెనే నయం. పరీక్ష ముందు రాత్రి మాత్రం ఏదీ వద్దు. తాగాలనిపిస్తే ఒక్క చిన్న డబ్బా, సగం కడుపు నింపుకొని, పొద్దుగూకక ముందు. లేదంటే రెండు మూడు చాయ్‌లల్ల నీకు కావాల్సిన కెఫిన్ వస్తది, చాయ్ మా గేటు కాడ 15 రూపాయలు. నేను ఈ సీజన్ల రాత్రి రెండింటికి షట్టర్ సగం దించి బోరాల మీద పండుకొని ఐదింటికి లేస్తున్న. ఒక్కో టిక్కీ బరువు రైతు ముంగట పైకి చదివి రాస్తున్న, మొత్తం ఆయనతోనే కూడిపిస్తున్న.

షుగర్ లేనిది నయమా అన్నవు. చక్కెర వరకే నయం. కెఫిన్ దాంట్ల కూడ అంతే ఉంటది, చెయ్యి అంతే వణుకుతది. చక్కెర బదులు వేసే తీపి మందు రుచి నాలుక మీద చానసేపు పోదు. కొనేటప్పుడు డబ్బా వెనక 100 మిల్లీలీటర్ల లెక్క ఇస్తరు చూడు, దాన్ని 250 డబ్బా అయితే రెండున్నరతోని, 350 అయితే మూడున్నరతోని గుణించి చూసుకో. ఆ లెక్క దుకాణంలనే, మూత తీయకముందే చెయ్యి.