ఒడిశా ఏనుగులు శ్రీకాకుళం వైపు ఎందుకొస్తున్నాయి?

ఏనుగుకి రోజుకి దాదాపు 150 కిలోల మేత కావాలండి, నీళ్లు వేరే. అంత తిండి ఒకే అడవిలో ఏడాది పొడవునా దొరకదు కాబట్టి ఒక అడవి నుంచి ఇంకో అడవికి నడుస్తూనే ఉంటుంది, ఆ దారినే కారిడార్ అంటారు. 2007లో మన వైపు దిగిన మంద ఒడిశా గజపతి జిల్లాలోని లఖారీ లోయ అభయారణ్యం నుంచే వచ్చింది. కొండ దిగితే అడవి ఆగిపోయి చెరకు, అరటి, వరి మొదలవుతాయి, పైగా కరెంటు తీగలు. 2023 మేలో భామిని మండలం కాట్రగడ దగ్గర నాలుగు ఏనుగులు షాక్ కొట్టి చనిపోయాయి, చాలా ఘోరం. అలాగని రాత్రికి రాత్రి పంట పోయిన రైతు బాధ తక్కువేం కాదు. టపాసులు కాల్చి తరిమితే పక్క ఊరి చేలో పడతాయి. ముందు తీగల ఎత్తు పెంచాలి, పరిహారం వెంటనే ఇవ్వాలి, అడవుల మధ్య మిగిలిన దారిని వదిలేయాలి.