క్యాంపర్ వ్యాన్‌లో ఏ బ్యాటరీ పెట్టాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నమస్తే సర్. పాత ఫోర్స్ ట్రావెలర్ కొని లోపల పడకలు, చిన్న వంటగట్టు, 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ పెట్టించుకున్నాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. ముందు అరకు, లంబసింగి, తర్వాత కర్ణాటక వైపు వెళ్లాలని ఉంది. బ్యాటరీ షాపులో 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, అంటే నిల్వ సామర్థ్యం) ఇన్వర్టర్ బ్యాటరీ పెట్టేయండి అన్నారు. మెకానిక్ ఏమో బండికి ఉన్నలాంటిదే ఇంకోటి వేస్తే చాలంటున్నాడు. లిథియం వేస్తే ఏ టెన్షనూ ఉండదని మా బావమరిది. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మెకానిక్ సలహా ముందే పక్కన పెట్టేయండి. బండిని స్టార్ట్ చేసే బ్యాటరీలో ప్లేట్లు పల్చగా, ఎక్కువగా ఉంటాయి. సెల్ఫ్ కొట్టిన రెండు మూడు సెకన్లలో వందల ఆంపియర్లు ఇచ్చేసి, ఇంజన్ తిరగగానే మళ్లీ నిండిపోవడం దాని పని. దాన్ని రాత్రంతా ఫ్రిజ్‌కి కట్టి రోజూ సగం ఖాళీ చేస్తే ఎక్కువ కాలం బతకదు. డీప్ సైకిల్ బ్యాటరీ ప్లేట్లు మందంగా ఉంటాయి, రోజూ లోతుగా ఖాళీ అయి నిండటానికే దాన్ని తయారు చేస్తారు.

ఆ లెక్కన షాపువాళ్లు చెప్పిన ఇన్వర్టర్ బ్యాటరీ, అంటే ట్యూబ్యులర్ రకం, కూడా డీప్ సైకిలే. కానీ అది ఇంట్లో ఓ మూల కదలకుండా ఉండటానికి చేసింది. బరువు యాభై కిలోలు దాటుతుంది, పొడుగ్గా ఉంటుంది, అనంతగిరి ఘాట్ మలుపుల్లో లోపలి యాసిడ్ తొణుకుతుంది. అంతకన్నా ముఖ్యం, ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. మీరు పిల్లలతో పడుకునే చోట, మంచం కింద, అలాంటిది పెట్టకూడదు. పెట్టాల్సి వస్తే మూత బిగుతుగా ఉన్న పెట్టెలో ఉంచి, గాలి బయటికి పోయే గొట్టం వేయించాలి.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఎక్కువమంది ఇది వేసుకోకుండానే కొనేస్తారు, నాకు బాధ కలిగేది అక్కడే. ఫ్రిజ్ 50 వాట్లు, రోజులో సగంసేపు తిరుగుతుంది అనుకుంటే 600 వాట్ అవర్లు. తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ ఫ్యాన్ రాత్రంతా ఓ 200. ఫోన్లు, లాప్‌టాప్ కలిపి 150. లైట్లు, నీళ్ల పంపు ఓ వంద. మొత్తం 1,050. మే నెలలో తలుపులు మూసి బండి ఎండలో ఉంటే ఫ్రిజ్ ఒక్కటే ఇంకా చాలా తింటుంది. 150 ఏహెచ్ ట్యూబ్యులర్‌ని సగానికి మించి ఖాళీ చేయకుండా వాడితే, 75 ఏహెచ్‌ని 12తో గుణించండి, 900 వస్తుంది. ఒక్క రోజుకే చాలదు. పైగా ఆ 150 అనేది సాధారణంగా సీ20 లెక్క, అంటే 7.5 ఆంపియర్ల చొప్పున 20 గంటలు మెల్లగా వాడితే వచ్చేది. మిక్సీ, కెటిల్ లాంటివి ఇన్వర్టర్ మీద పెట్టి గట్టిగా లాగితే అంత రాదు. ఇండక్షన్ స్టవ్ అసలే వద్దు, 1,800 వాట్లకు 12 వోల్టుల దగ్గర 150 ఆంపియర్ల పైనే కావాలి. వంటకి గ్యాసే మేలు.

సరే, సైజు తేలింది. మరి నిండేదెలా? బ్యాటరీ ఎంత పెద్దదైనా నింపే దారి లేకపోతే అది ఊట లేని బావే. ట్యూబ్యులర్‌ని పది గంటల చొప్పున, అంటే సుమారు 15 ఆంపియర్లతో నింపాలి, చివరి ఇరవై శాతం ఇంకా నెమ్మది. మీరేమో రోజుకి రెండు మూడు గంటలు బండి నడిపి ఎక్కడో ఓ చెట్టు కింద ఆపుతారు. ఆ బ్యాటరీ ఏ రోజూ పూర్తిగా నిండదు, అలా అరకొరగా ఉండిపోతే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి దాని ప్రాణం తీస్తుంది. లిథియం అలా కాదు, 100 ఏహెచ్‌ది 50 ఆంపియర్ల వరకు మామూలుగా తీసుకుంటుంది, సగం నిండి ఉన్నా దానికేం కాదు, బరువు పన్నెండు కిలోల దగ్గర్లో ఉంటుంది, ఎనభై శాతం పైగా వాడుకోవచ్చు.

కాబట్టి మీ బావమరిది మాటే నాకూ నచ్చింది, అయితే కొన్ని షరతులతో. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ మాత్రమే కొనండి, షాపుల్లో ఎల్ఎఫ్‌పీ అంటారు. పాత ఈ-స్కూటర్ల సెల్స్ పీకి కట్టిన చవక ప్యాకులు కుటుంబం పడుకునే బండిలోకి దయచేసి తేవద్దు. మీ వాడకానికి 200 ఏహెచ్ అయితే దాదాపు రెండు రోజులు వస్తుంది. ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి నేరుగా వైరు లాగకండి, లిథియం ఎంత ఇస్తే అంత లాగేస్తుంది, ఆల్టర్నేటర్ కాలిపోతుంది. మధ్యలో ఆ కరెంటును హద్దులో ఉంచే 30 ఆంపియర్ల డీసీ–డీసీ ఛార్జర్ పెట్టండి, పైకప్పు మీద 300 వాట్ల సోలార్ ప్యానెల్ వేయండి. మంచి ఎండ ఉన్న రోజు దాన్నుంచి ఓ యూనిట్ (1,000 వాట్ అవర్లు) దాకా వస్తుంది, అరకు వానల్లో మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. బ్యాటరీ ప్లస్ దగ్గరే, జానెడు దూరంలో, ఫ్యూజ్ ఉండాలి. ఈ ఒక్కటి ఎలక్ట్రీషియన్ రేపు వేస్తానంటే బండి కదలనివ్వకండి.

అంత డబ్బు ఇప్పుడు లేదంటారా? ఈ-రిక్షా బ్యాటరీలు రెండు చూడండి. రోజూ ఖాళీ అవుతూ, గుంతల రోడ్ల మీద కుదుపులు తింటూ తిరగడానికే వాటిని చేస్తారు, షాపువాళ్లు ఎందుకో వీటి ఊసే ఎత్తరు. మూత పెట్టె, గాలి గొట్టం షరతు వీటికీ ఉంది. డిస్టిల్డ్ వాటర్ చూసుకుంటూ ఉండాలి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాం. సెకండ్ హ్యాండ్ క్లాస్ సీ (వ్యాన్ ఛాసిస్ మీద కట్టిన) మోటర్‌హోమ్ తీసుకున్నాం, గ్రూప్ 24 సైజు మెరైన్ (పడవల్లో వాడే) బ్యాటరీలు రెండు ఉన్నాయి, ఎప్పటివో తెలియదు. డిసెంబర్ సెలవుల్లో గ్రాండ్ కాన్యన్ వెళ్తున్నాం. ఇప్పుడే లిథియంకి మారిపోవాలా అండీ?
– ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: ఈ ట్రిప్పు కోసం అయితే వద్దమ్మా. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు, సౌత్ రిమ్, దాదాపు 7,000 అడుగుల ఎత్తులో ఉంది, డిసెంబర్ రాత్రుళ్లు చలి సున్నా సెల్సియస్ కిందికి పోతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ని సున్నా డిగ్రీల లోపు ఛార్జ్ చేయకూడదు, మంచివైతే లోపలి బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ఛార్జింగ్‌నే ఆపేస్తుంది. మీ బ్యాటరీ పెట్టె మెట్టు కింద, బయటి చలికి ఉంటే హీటర్ ఉన్న లిథియమే కొనాలి. పైగా పాత బండిలో బయటి కరెంటుతో బ్యాటరీని నింపే కన్వర్టర్ 13.6 వోల్టుల దగ్గరే ఆగే రకం అయితే అది లిథియంని సరిగ్గా నింపదు, దాన్నీ మార్చాలి.

మెరైన్ అని రాసి ఉన్నవి చాలావరకు సగం స్టార్టింగ్, సగం డీప్ సైకిల్. చలిలో బ్యాటరీకి పెద్ద భారం బండిని వెచ్చబెట్టే ప్రొపేన్ ఫర్నెస్ ఫ్యాన్. 8 ఆంపియర్ల చొప్పున రాత్రి ఆరు గంటలు తిరిగితే 50 ఏహెచ్ దాకా పోతుంది. ఫ్రిజ్ గ్యాస్ మీద నడిచేదైతే బ్యాటరీకి పెద్ద భారం కాదు. పాతవాటి స్థానంలో గోల్ఫ్ కార్ట్‌కి వాడే 6 వోల్టుల జీసీ2 బ్యాటరీలు రెండు సిరీస్‌లో కలపండి. 12 వోల్టుల దగ్గర 210 ఏహెచ్ పైగా వస్తుంది, ధర తక్కువ, ఎక్కడైనా దొరుకుతాయి. ఒక్కోటి 28 కిలోల దాకా ఉంటుంది, గ్రూప్ 24 కన్నా ఎత్తు ఎక్కువ, కొనేముందు పెట్టె లోపల టేపుతో కొలవండి.

పాతవాటిని పారేసేముందు పూర్తిగా ఛార్జ్ చేసి, ఏదీ వాడకుండా ఓ రాత్రి వదిలేసి మీటర్ పెట్టి చూడండి. 12.6, 12.7 ఉంటే ప్రాణం ఉన్నట్టే, 12.3కి పడిపోతే వాటి పని అయిపోయింది. ఇంకో దారి కూడా ఉంది. సౌత్ రిమ్‌లోని మ్యాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు కనెక్షన్ లేదు, పక్కనే ఉన్న ట్రైలర్ విలేజ్‌లో ఉంది. పిల్లలతో వెళ్తున్నట్టయితే మొదటిసారికి అక్కడ బుక్ చేసుకోండి, బ్యాటరీల సంగతి తిరిగొచ్చాక తీరిగ్గా తేల్చుకోవచ్చు.