బడిలో విపత్తు శిక్షణ: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: వచ్చే స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల టీచర్ల) సమావేశంలో తుపాన్లు, విపత్తుల మీద టీచర్లకు శిక్షణ ఇవ్వమన్నారు. మూడు గంటలే ఉంది. స్లైడ్లు వేస్తే ఎవరూ వినరు. ఎలా నడపాలి?
– ఒక ప్రధానోపాధ్యాయుడు, దివిసీమ

జవాబు: స్లైడ్లు వదిలేయండి. 1977 ఉప్పెన గురించి దివిసీమ టీచర్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. సమావేశం జరిగే బడినే పాఠం చెయ్యండి. ఐదారుగురికో చార్టు ఇచ్చి ఆవరణంతా తిరిగి పటం గీయమనండి. లోపలికి తెరుచుకునే తలుపులు, ఎప్పుడూ తాళం వేసి ఉండే వెనక గేటు, మోటారు స్విచ్చి, ఒరిగిన ప్రహరీ, గది మీదికి వంగిన కొమ్మ అన్నీ అందులోకి రావాలి.

వంట షెడ్డు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. 2004లో తమిళనాడులోని కుంభకోణం ఊరి బడిలో 94 మంది పిల్లలను బలిగొన్న మంటలు వంటశాలలోనే మొదలయ్యాయి. గ్యాస్ రెగ్యులేటర్ కట్టెయ్యడం వంటవాళ్లకు కాక ఇంకెవరికి వచ్చో అడగండి. మంటలార్పే సిలిండర్ మీటరు ముల్లు పచ్చరంగులో ఉందో లేదో చూపించండి. బడుల్లో ఉండే చిన్న పౌడర్ సిలిండర్ అర నిమిషం కూడా రాదు. పిన్ను లాగి, మంట మొదలుకే గురిపెట్టి కొట్టాలి. పైపైన కొడితే పొడి గాలిపాలు. అప్పటికీ ఆరకపోతే దాన్ని వదిలేసి బయటికి రావడమే.

తర్వాత డ్రిల్లు. ఎక్కువగా తేడా కొట్టేది గంట దగ్గరే. అన్నిటికీ ఒకే లాంగ్ బెల్ కొడతారు. మంటలొస్తే పిల్లలు బయటికి రావాలి, పిడుగులు పడుతుంటే లోపలికి పోవాలి. గంట ఒకటే అయితే ఉరుముల్లో బడి మొత్తాన్నీ మైదానంలో నిలబెట్టినట్టే. ఆపకుండా కొడితే బయటికి, మూడేసి దెబ్బలు ఆగి ఆగి కొడితే లోపలికి అని పెట్టుకోండి. కరెంటు పోయినా మోగేలా ఇనప గంట ఉండాలి.

బయట చేరాక ఆ రోజు వచ్చినవాళ్లను పేరుపేరునా పిలవాలి. హాజరు ఫోన్లోనే ఉంటే సిగ్నల్ లేనప్పుడు పనికిరాదు. పొద్దున హాజరు వెయ్యగానే రానివాళ్ల పేర్లు కాగితం మీద రాసి, తరగతి పేర్ల పట్టీతో కలిపి తలుపు పక్కన తగిలించండి. మెట్ల మలుపులో ఒక టీచరు నిలబడాలి, తొక్కిసలాట జరిగేది అక్కడే. బాధ్యతలు మనుషుల పేర్లతో రాస్తే బదిలీలయ్యాక ఆ చార్టు గోడకు అలంకారమే. ఎనిమిదో తరగతి క్లాస్ టీచరు అని రాసి, వాళ్లు సెలవు పెడితే ఎవరు చూడాలో కూడా పక్కనే రాయండి.

మిగిలిన అరగంట హెచ్చరికలకు. వాతావరణ శాఖ తీరానికి కనీసం 48 గంటల ముందు పసుపు రంగు తుపాను హెచ్చరిక, 24 గంటల ముందు నారింజ ఇస్తుంది. రికార్డులు పాలిథిన్‌లో కట్టి పైఅంతస్తుకు చేర్చడం, షెల్టర్‌గా వాడే బడి తాళంచెవి రెండోది పంచాయతీకి ఇవ్వడం పసుపులోనే అయిపోవాలి. హోరుగాలి ఒక్కసారిగా ఆగి ఆకాశం తేటపడితే తుపాను పోయిందనుకోవద్దు. అది తుపాను కన్ను. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి గాలి మళ్లీ విరుచుకుపడుతుంది.

ప్రశ్న: 2014 హుద్‌హుద్ తుపాను వాతావరణ మార్పు వల్లే వచ్చిందా అని పిల్లలు అడిగితే ఏం చెప్పాలి?
– సైన్స్ టీచరు, విశాఖపట్నం

జవాబు: అవునని గానీ కాదని గానీ ఒక్కముక్కలో తేల్చకండి. తుపాన్లు ఎప్పుడూ ఉన్నవే. అవి పుట్టాలంటే సముద్రపు పైనీళ్లు సుమారు 26.5 డిగ్రీల సెల్సియస్ దాటాలి. నీళ్లు ఇంకా వేడెక్కితే తుపానుకు బలం పెరుగుతుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది కాబట్టి వానా ఎక్కువే. సముద్రమట్టం పెరిగితే ఉప్పెన మరింత లోపలికి వస్తుంది. ఇంతవరకూ ధీమాగా చెప్పొచ్చు. ఓజోన్ పొరకు చిల్లు పడి భూమి వేడెక్కుతోందని మాత్రం చెప్పకండి. టీచర్లలోనూ పాతుకుపోయిన పొరపాటిది. అసలు కారణం కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువులు. పరిశ్రమలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది.

ప్రశ్న: తుపాను తర్వాత బడి ట్యాంకులో బ్లీచింగ్ ఎంత కలపాలి?
– ఒక పాఠకురాలు, కోనసీమ

జవాబు: ముందు బురద కడిగి తేటనీళ్లు నింపండి. బురద ఉంటే క్లోరిన్ అంతా దానికే సరిపోతుంది. వెయ్యి లీటర్లకు మంచి బ్లీచింగ్ పౌడర్ 2.5 గ్రాములు చాలు. బకెట్లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుక్కి దిగాక పైతేటే ట్యాంకులో పోయండి. గంటసేపు కుళాయి విప్పొద్దు. మూత తెరిచి ఉంచిన పాత పొడిలో క్లోరిన్ మిగలదు, కొత్త ప్యాకెట్టే వాడండి.