టెస్లా షేరు పదేళ్లు ఉంచుకోవాలంటే ముందు మీ జీతం సంగతి చూసుకోండి

హైదరాబాద్‌లో ఉద్యోగం, నెలనెలా కొంత మిగులుతోంది, టెస్లా షేర్లు కొని పదేళ్లు కదపకుండా ఉంచితే లాభమేనా అని అడిగారు. నేను అమెరికాలో, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాను. టెస్లా ఫ్యాక్టరీ మా ఇంటికి దగ్గరే, 880 హైవే మీద వెళ్తుంటే గోడ మీద ఆ పెద్ద అక్షరాలు కనిపిస్తూనే ఉంటాయి. మేం 2016లో రెండొందల డాలర్ల చిల్లరకి కొన్నాం (తర్వాత ఒక్కో షేరుని పదిహేను చేశారు, ఇది అంతకుముందు లెక్క), వాటిలో చాలావరకు ఇంకా ఉన్నాయి. అంచేత కాస్త గట్టిగానే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

కంపెనీ గొప్పదా కాదా అని జుట్టు పీక్కోకండి. షేరు సగానికి పడిన నెలలో మీకు ఆ డబ్బుతో పని పడుతుందా లేదా, అది చూసుకోండి చాలు.

మా చిన్నమ్మ కొడుకు సంగతి చెప్తాను. టెస్లా గురించి మా ఇంట్లో అందరికంటే ఎక్కువ చదివినవాడు. మూడు నెలలకోసారి కంపెనీ లెక్కలు బయటికి రాగానే రాత్రికి రాత్రే చదివేసి, మార్జిన్ ఎంత, చేతిలో నగదు ఎంత అని మా ఆయనకి ఫోన్లో క్లాసు పీకేవాడు. 2021 దీపావళి నాటికి షేరు 400 డాలర్లు దాటింది. 2022లో ఒక్కో షేరుని మూడు చేశారు కదా, ఆ లెక్కన చెప్తున్నాను. సరిగ్గా ఆ రోజుల్లోనే వాడు దాచుకున్నదంతా అందులో పెట్టాడు. మరుసటి ఏడాది షేరు 65 శాతం పడింది. ఆ నవంబరులోనే వాడి ఉద్యోగమూ పోయింది. హెచ్1బి, అంటే ఉద్యోగం వీసా, మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే 60 రోజులే గడువు. ఆలోపు ఇంకో కంపెనీ దొరకాలి, లేదా వేరే వీసాకి మారాలి, లేదా పెట్టె సర్దుకోవాలి.

2023 జనవరి 3, మంగళవారం. వాడు ముందురోజు రాత్రే మా ఇంటికి వచ్చాడు. ఇక్కడి టైం ప్రకారం మార్కెట్ పొద్దున్న ఆరున్నరకే మొదలవుతుంది. నేను లేచి వచ్చేసరికి డైనింగ్ టేబుల్ దగ్గర స్వెటర్ వేసుకుని కూర్చున్నాడు. ఏడాదిలో ఎన్ని కార్లు అమ్మారో ముందురోజే ప్రకటించారు. 13 లక్షల పైచిలుకు. కానీ వాల్ స్ట్రీట్ వాళ్లు అంతకన్నా ఎక్కువ ఆశించారట.

"అక్కా, కార్లు నలభై శాతం ఎక్కువ అమ్మారు. అయినా పడుతోంది చూడు," అన్నాడు ఫోన్ నా వైపు తిప్పి.

పెసరట్టు వేసి పెట్టాను. అంచు తుంచి పచ్చట్లో ముంచాడు, అక్కడే వదిలేశాడు. కరెంటు బిల్లు వచ్చిన కవరు వెనక లాయరు ఫీజు, రెండు నెలల అద్దె, కారు వాయిదా, ఉద్యోగం దొరక్కపోతే కాలేజీలో చేరడానికి కట్టాల్సిన ఫీజు, అన్నీ వరసగా రాసుకున్నాడు. కూడిక వేశాడు, మళ్లీ వేశాడు. మా ఆయన "నేను సర్దుతాలేరా, ఇప్పుడు అమ్మకు" అన్నారు. "వద్దు బావా" అని ఊరుకున్నాడు. బావ దగ్గర డబ్బు తీసుకోవడం వాడికి నామోషీ. అమ్మేశాడు. ఆ రోజు షేరు 12 శాతం పడి 108 దగ్గర ముగిసింది. ఫిబ్రవరి మధ్యకల్లా 200 దాటింది.

ఆ పొద్దున మా షేర్లూ అంతే పడ్డాయి. మేం అమ్మలేదు. మాకేదో గుండె ధైర్యం ఎక్కువని కాదు, ఇద్దరి జీతాలు వస్తున్నాయి, గ్రీన్ కార్డు చేతిలో ఉంది. కంపెనీని అర్థం చేసుకోవడంలో వాడు నాకన్నా ఎన్నో మెట్లు పైన. అయినా ఉంచుకున్నది నేను, అమ్ముకోవాల్సి వచ్చింది వాడు. ఓపిక, నమ్మకం, విజన్ అని పెద్ద పెద్ద మాటలు చెప్పేవాళ్లని నేను అందుకే పట్టించుకోను.

ఇంకో చిరాకు కూడా చెప్పేస్తాను. యూట్యూబ్‌లో మన తెలుగు ఛానళ్లు తెరిస్తే చాలు, "అప్పుడు కొని ఉంటే ఇప్పుడు కోటీశ్వరులు". లెక్క తప్పు కాదు. 2010 జూన్‌లో షేరు మొదటిసారి మార్కెట్లోకి వచ్చినప్పుడు 17 డాలర్లకి ఇచ్చారు, 2020లో ఒకటికి ఐదు, 2022లో మళ్లీ మూడేసి చేశారు, అంటే అప్పటి ఒక్క షేరు ఇప్పుడు పదిహేను. కానీ మధ్యలో ఏం జరిగిందో ఏ థంబ్‌నెయిలూ చెప్పదు. అప్పటి లెక్కలో 2014 సెప్టెంబరులో 280 దాటిన షేరు, 2019 జూన్ మొదట్లో 180 దగ్గర ఉంది. దాదాపు ఐదేళ్లు పోయాక నష్టం. ఆ మధ్యలోనే ఫ్యాక్టరీ ఆవరణలో గుడారం వేసి మోడల్ 3 కార్లు బిగించారు. 420 డాలర్లకి షేర్లన్నీ కొనేస్తా, డబ్బు సిద్ధం అని టెస్లా అధినేత మస్క్ ట్వీట్ పెట్టి, తనకి 2 కోట్ల డాలర్లు, కంపెనీకి ఇంకో 2 కోట్లు జరిమానా తెచ్చుకున్నాడు. ఆ ఐదేళ్లు ఎవరు నిలబడ్డారు? యాప్ తెరవనివాళ్లు. మా మావగారికి గన్నవరం పక్కన స్థలం ఉంది, ఎన్నేళ్లయినా అమ్మరు, ఎందుకంటే దాని రేటు రోజూ ఫోన్లో ఎర్రగా కనిపించదు. స్థలం విషయంలో మన తెలుగువాళ్లని మించిన లాంగ్ టర్మ్ ఇన్వెస్టర్లు ప్రపంచంలో లేరని నా గట్టి నమ్మకం.

ఇక కారు నచ్చి షేరు కొనేవాళ్లు ఇంకో రకం. మా కాలనీలో బోలెడుమంది. 2024లో కంపెనీ కార్ల అమ్మకాలు పదేళ్ల పైచిలుకులో మొదటిసారి అంతకుముందు ఏడాది కన్నా తగ్గాయి, 18 లక్షల పైనుంచి 17.9 లక్షలకి. అదే ఏడాది డిసెంబరులో షేరు అప్పటివరకు ఎప్పుడూ లేనంత పైకి వెళ్లింది. అది కదిలేది కార్ల మీద కాదు, మస్క్ రేపు చేస్తానన్నవాటి మీద. వచ్చే ఏడాదికి పది లక్షల రోబోటాక్సీలు, అంటే డ్రైవరు లేని టాక్సీలు, అని 2019లో అన్నాడు, 2025 జూన్‌లో ఆస్టిన్‌లో కొద్ది కార్లతో మొదలుపెట్టాడు. ఆలస్యమైనా చేస్తాడు అని మీరు నమ్మితే కొనండి, నేనూ ఆ నమ్మకంతోనే ఉంచుకున్నా. డివిడెండ్, అంటే లాభంలో వాటా, మాత్రం ఇప్పటిదాకా పైసా ఇవ్వలేదు, కాబట్టి ఎదురుచూసినంత కాలం చేతికి ఏమీ రాదు.

మీ విషయానికొస్తే, ఏడాది ఖర్చులు ఎఫ్‌డీలో పడేయండి. ఇంటి లోన్ ఉంటే దాని ఆరు నెలల ఈఎంఐ కూడా. ఆ తర్వాత మిగిలినదాంట్లో పదో వంతు మించకుండా టెస్లాలో పెట్టండి. ఈ పదో వంతు ఎక్కడిదని అడక్కండి, నా లెక్క అది. మీరు సాఫ్ట్‌వేర్ అయితే ఇంకా తగ్గించండి, మన ఉద్యోగాలు ఊగేది కూడా ఆ అమెరికా మార్కెట్‌తోనే.

హైదరాబాద్ నుంచి కొనేవాళ్లకి ఇంకొన్ని తలనొప్పులున్నాయి, మా ఆడపడుచు పడుతోంది కాబట్టి తెలుసు. ఏడాదిలో 10 లక్షలు దాటి బయటికి పంపితే దాటినదాని మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటుంది. రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు, కానీ అన్నాళ్లు డబ్బు ఇరుక్కుంటుంది. రెండేళ్లు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను. అమెరికా పౌరులు కాని, అక్కడ ఉండని వాళ్లు 60,000 డాలర్లకి మించి ఆ దేశం షేర్లు ఉంచుకుని చనిపోతే, మించినదాని మీద అమెరికా ఎస్టేట్ టాక్స్, అంటే వదిలి వెళ్లిన ఆస్తి మీద పన్ను, 40 శాతం దాకా వేస్తుంది. పదేళ్లు అంటున్నారు కాబట్టి ఇది ఇంట్లోవాళ్లకి కూడా చెప్పి ఉంచండి. ఒక్క షేరు కొన్నా ఐటీఆర్‌లో షెడ్యూల్ ఎఫ్‌ఏ, అంటే విదేశీ ఆస్తుల వివరాలు, నింపాలి, అది జనవరి నుంచి డిసెంబరు లెక్క, మన మార్చి లెక్క కాదు. మీ ఆడిటర్‌కి జులై ఆఖరున కాకుండా ముందే చెప్పండి.