మా నాన్నగారి సాక్ష్యం వికీపీడియాకు ఎందుకు చాలలేదంటే

తెలుగు వికీపీడియాలో మీ అభిమాన కథానాయకుడి సినిమా వ్యాసానికి మీరు చేర్చిన వసూళ్ల లెక్కనూ, ‘ఇండస్ట్రీ హిట్’ అన్న మాటనూ గంట తిరక్కముందే తొలగించారనీ, అక్కడ రాసేవారికి సినిమాలంటే అంత చులకన ఎందుకనీ మీరు అడిగారు. మీ దిద్దుబాటును తొలగించింది నేను కాదు. కానీ అలాంటివి నేను చాలానే తొలగించాను, అంతకు ముందు నా రాతలూ అలాగే పోయాయి. అందువల్ల రెండు వైపుల బాధా తెలిసినవాడిగా ఈ సమాధానం రాస్తున్నాను.

మా నాన్నగారు చీరాలలో ఒక సినిమా హాలులో బుకింగు గుమాస్తాగా చాలా ఏళ్లు పనిచేశారు. 1960ల తొలినాళ్లలో వచ్చిన ఒక సాంఘిక చిత్రం తమ హాలులో వంద రోజులు ఆడిందని ఆయన మా చిన్నప్పటి నుంచీ చెప్పేవారు. ఆ చిత్రం పేరు ఇక్కడ చెప్పను, చెబితే మాట అటు మళ్లిపోతుంది. నేను వికీపీడియాలో చేరిన కొత్తలో చేసిన మొదటి పనుల్లో ఒకటి, ఆ చిత్రం వ్యాసంలో ‘చీరాలలో శతదినోత్సవం జరుపుకుంది’ అన్న వాక్యం చేర్చడం. రెండు రోజులకు ఆ వాక్యం పక్కన ‘ఆధారం చూపాలి’ అన్న మూస, అంటే ముందే తయారుగా ఉండే గుర్తు, వచ్చి కూర్చుంది. టికెట్లు చించిన మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు, ఇంతకన్నా ఆధారం ఏం కావాలని, వ్యాసం గురించి మాట్లాడుకునే చర్చ పేజీలో కొంచెం ఘాటుగానే రాశాను. మూస పెట్టిన వాడుకరి (వికీపీడియాలో రాసేవారిని అలాగే అంటారు) ఏమాత్రం తొణకలేదు. మీ నాన్నగారి మాట మీద నాకు అనుమానం లేదు, కానీ ఈ వ్యాసం చదివే వ్యక్తి మీ ఇంటికి వచ్చి ఆయన్ను అడిగి నిర్ధారించుకోలేడు కదా, అన్నది ఆయన జవాబు.

కోపంతోనే వేటపాలెం వెళ్లాను. 1918 నుంచీ నడుస్తున్న సారస్వత నికేతనం గ్రంథాలయం మాకు దగ్గరే, పాత పత్రికల సంపుటాలకు అది పేరుపొందిన చోటు. ఆనాటి ఆంధ్రపత్రిక సంపుటం ముందు పెట్టుకుని కూర్చున్నాను. కాగితం గోధుమరంగుకు తిరిగి, అంచులు అప్పడంలా విరుగుతున్నాయి. పేజీ తిప్పాలంటే రెండు చేతులతో కింద నుంచి ఎత్తి తిప్పాల్సి వచ్చింది. మధ్యాహ్నానికి యాభై రోజుల ప్రకటన దొరికింది. కథానాయిక బొమ్మ కింద వరుసగా ఊళ్ల పేర్లు, వాటిలో చీరాల కూడా ఉంది. నాకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. సాయంత్రం గ్రంథాలయం మూసే వేళకు వంద రోజుల ప్రకటన కూడా దొరికింది. అందులో తొమ్మిది ఊళ్లు ఉన్నాయి. చీరాల లేదు. మూడుసార్లు చదివాను, అయినా లేదు.

ఇంటికి వెళ్లి చెబితే నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘హాలు ముందు మామిడి తోరణాలు కట్టించింది నేనేరా, అది యాభయ్యో రోజు అయ్యుంటుందిలే,’ అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. తోరణాలు నిజం, జనం నిజం, అంకె ఒక్కటే యాభై ఏళ్లలో రెట్టింపైంది. ఆ రాత్రే నా వాక్యాన్ని నేనే తొలగించి, పత్రిక తేదీ, పుట సంఖ్య ఇచ్చి, ‘యాభై రోజుల ప్రకటనలో పేర్కొన్న కేంద్రాల్లో చీరాల ఒకటి’ అని రాశాను. ‘ప్రకటనలో పేర్కొన్న’ అన్న మాటను కావాలనే ఉంచాను, ఎందుకంటే ప్రకటన వేయించేది నిర్మాత. ఆయన తన సినిమా గురించి తాను చెప్పుకున్నదాన్ని ఆయన మాటగానే చెప్పాలి కానీ లోకం తేల్చిన విషయంగా చెప్పకూడదు.

మీ వసూళ్ల లెక్క సంగతి కూడా ఇక్కడే ఉంది. మన దేశంలో సినిమా వసూళ్లను లెక్కగట్టి ప్రకటించే అధికారిక సంస్థ ఏదీ లేదు. పోస్టరు మీద కనిపించే కోట్లు చాలావరకు గ్రాసు, అంటే పన్నుతో కలిపి ప్రేక్షకుడు కట్టిన మొత్తం. పన్నూ, హాలు అద్దె పోగా పంపిణీదారుకు మిగిలే షేరు వేరు. అభిమానులు ఒక చోట గ్రాసు, మరో చోట షేరు తెచ్చి, ఒక సినిమా మరో సినిమాను దాటిందని రాస్తారు. అవతలి హీరో అభిమాని వచ్చి అంకె మారుస్తాడు, ఇవతలి వాడు మళ్లీ మారుస్తాడు, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే వ్యాసం చరిత్ర పేజీ చూస్తే సంక్రాంతి కోడిపందెం గుర్తొస్తుంది. విడుదలైన నెలలోపు వసూళ్ల అంకెలు వ్యాసంలో ఉండనే కూడదన్నది నా పట్టుదల. ఈ విషయంలో తోటి వాడుకరులు నాతో ఏకీభవించరు. వేర్వేరు పత్రికలు ఇచ్చిన అంచనాలను ‘ఇంత నుంచి ఇంత వరకు’ అని ఇస్తే చాలునంటారు. వాళ్ల మాటా తీసివేయదగినది కాదు, కానీ నేను మారను.

ఇంతకన్నా నన్ను విసిగించేది మరొకటి ఉంది. వికీపీడియాలో ఎవరో ఆధారం లేకుండా రాసిన వాక్యాన్ని ఏదో వెబ్‌సైటు యథాతథంగా ఎత్తి రాసుకుంటుంది. ఆరు నెలల తర్వాత మరొకరు వచ్చి ఆ వెబ్‌సైటునే ఆ వాక్యానికి మూలంగా చూపిస్తారు. అచ్చుతప్పులు కూడా అవే ఉంటాయి. దీన్ని పట్టుకోవాలంటే చరిత్ర పేజీలో తేదీలు చూడటం ఒక్కటే దారి.

అచ్చులో ఉన్నదంతా నిజమని నేననడం లేదు. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు పుస్తకాలు, పత్రికలు రాశాయి, ఆ తేదీన వేడుకలూ జరిగాయి. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత రికార్డులు తవ్వి, ఆ చిత్రానికి సెన్సారు 1932 జనవరి 22న జరిగిందనీ, 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలోని కృష్ణా సినిమా థియేటరులో విడుదలైందనీ చూపించారు. ఆ రికార్డులే వికీపీడియాలో రాసే నాబోటివాడికి ముందుగా దొరికి, నేరుగా వ్యాసంలో తేదీ మార్చి ఉంటే, అది మౌలిక పరిశోధన, అంటే ఇంకెక్కడా ప్రచురితం కాని సొంత పరిశోధన, అని తిరగ్గొట్టేవారు, అదీ సబబుగానే. జయదేవ దాన్ని పత్రికల్లో ప్రచురించారు, ఇతరులు పరీక్షించే వీలు కలిగింది, అప్పుడే వికీపీడియా ఆ మాటను తీసుకోగలిగింది. ఈ నియమం వల్ల కొన్నిసార్లు నిజం ఆలస్యంగా వస్తుంది. అది ఒప్పుకోవాల్సిన నష్టమే.

తటస్థత గురించి మీరు నేరుగా అడగలేదు కానీ ‘చులకన’ అన్నారు కనుక చెబుతున్నాను. మన వికీపీడియాలో వ్యక్తుల పేర్ల చివర ‘గారు’ రాయరు, ‘నటించాడు’ అని ఏకవచనంలోనే రాస్తారు, పేరు ముందు బిరుదులు పెట్టరు. అది అగౌరవం కాదు. మా నాన్నగారి మీద ఎప్పుడైనా వ్యాసం వస్తే, నేను కూడా ‘టికెట్లు అమ్మాడు’ అనే రాయాలి. అలాగే ‘నటవిశ్వరూపం చూపించాడు’ అన్నది వికీపీడియా నోటి నుంచి రాకూడదు. ఫలానా పత్రిక సమీక్షకుడు అతని నటనను మెచ్చుకున్నాడని, ఏ సన్నివేశం గురించి అన్నాడో కలిపి రాయవచ్చు. మెచ్చనివారు ఉంటే వారి మాటకూ చోటివ్వాలి. కథాంశానికి మాత్రం సినిమాయే ఆధారం, విడిగా మూలం అడగరు, కానీ అందులోని పాత్ర దేనికో ప్రతీక అని మీరు తేల్చేయకూడదు.

మీ వ్యాసం విషయానికి వస్తే, ఒకరి మార్పును ఒకరు పదేపదే తిప్పికొట్టే దిద్దుబాట్ల యుద్ధానికి దిగకండి. ఆ సినిమా విడుదలైన వారపు దినపత్రిక గానీ, హాలులో అమ్మిన పాటల పుస్తకం లాంటిది గానీ మీ ఇంట్లో ఉంటే, తేదీ, పుట సంఖ్యతో సహా చర్చ పేజీలో రాయండి. వ్యాసంలో చేర్చే పని నేను చేస్తాను. ‘ఇండస్ట్రీ హిట్’ అని మళ్లీ రాస్తే మాత్రం, ఈసారి తొలగించేది నేనే అవుతాను.